గుండె దడ నుంచి మాట వరకు: భయాన్నీ కోపాన్నీ వరస తప్పకుండా నడిపించుకునే పద్ధతి

భయం వేస్తే తెలుగువాళ్ళం భయపడ్డామని మాత్రమే చెప్పి ఊరుకోము. గుండె ఝల్లుమందంటాం, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయంటాం, నోట తడి ఆరిపోయిందంటాం. కోపం వస్తే ఒళ్ళు మండుతుంది, దుఃఖం పొంగుకొస్తే గొంతు పూడుకుపోతుంది, పసిబిడ్డ ఆకలికి ఏడిస్తే చూసేవారి కడుపు తరుక్కుపోతుంది. ఇవన్నీ అలంకారాలేనని చిన్నతనంలో అనుకునేవాణ్ణి. శరీరధర్మశాస్త్రం చదవడం మొదలుపెట్టిన తర్వాత, వీటిలో చాలా మాటలు ఒంట్లో జరిగే మార్పును ఉన్నదున్నట్టు చెబుతున్నాయని అర్థమైంది.

ఆందోళనలో ఉన్న మనిషికి మనం మొదట ఇచ్చే సలహా ‘ధైర్యంగా ఉండు’ అని, కోపంలో ఉన్న మనిషికి ఇచ్చేది ‘ముందు ఆ కోపం తగ్గించుకో’ అని. రెండూ మంచి మనసుతో చెప్పేవే అయినా చాలాసార్లు పనిచేయవు, ఎందుకంటే ఒళ్ళు అప్పటికే పోట్లాటకో పరుగుకో సిద్ధమై ఉండగా మనం ఆలోచనతో సంభాషణ మొదలుపెడుతున్నాం. ముందు ఒంటి సంగతి చూడాలి, తర్వాత ఆ భావానికి పేరు పెట్టాలి, ఆ తర్వాత దాని వెనుక ఉన్న ఆలోచనను పరీక్షించాలి, అన్నిటికన్నా చివర ఎదుటివారితో మాట్లాడాలి. ఇందులో కొత్త విషయాలకన్నా వరసే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా వెంట ఉంచుకుందాం. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడనుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు అతని ఫోనుకు మేనేజరు నుంచి సందేశం వచ్చింది: ‘రేపు పొద్దున పదింటికి ఒకసారి కలవండి, మాట్లాడాలి.’ కారణం రాయలేదు. చదవగానే అతని గుండె వేగం పెరిగింది, అరచేతులు చెమర్చాయి. అంతలో తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ‘అన్నం తిందువుగాని రారా’ అంటే, ‘ఎన్నిసార్లు పిలుస్తారు నాన్నా, వస్తానన్నాను కదా’ అని కసురుకున్నాడు. తండ్రి పిలిచింది అదే మొదటిసారి.

ముందుగా తెలుసుకోవలసినది: ఆ కొద్ది క్షణాల్లో ఒంట్లో ఏం జరిగింది?

మెదడులో రెండు కణతల లోపలి వైపున బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ఉంది. ప్రమాద సూచనలను పసిగట్టడంలో దానిది పెద్ద పాత్ర. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ ఎలుకలపై చేసిన పరిశోధనల్లో, కంటికీ చెవికీ అందిన సమాచారం అమిగ్డలాకు రెండు దారుల్లో చేరుతుందని తేలింది. ఒకటి దగ్గరి దారి, వేగంగా చేరుతుంది కాని వివరం తక్కువ. రెండవది మెదడు పైపొర మీదుగా వెళ్ళే చుట్టుదారి, కాస్త ఆలస్యమైనా వివరం ఎక్కువ. చీకట్లో తాడును చూసి పాము అనుకుని వెనక్కి గెంతడం మొదటి దారి పని, తాడేనని తెలుసుకుని నిలబడడం రెండవ దారి పని. అయితే అమిగ్డలాను ‘భయం పుట్టే చోటు’ అని ఒక్క మాటలో తేల్చేయకూడదు. వ్యాధి వల్ల రెండువైపులా అమిగ్డలా దెబ్బతిని, పాములనూ సాలీళ్ళనూ చూసినా భయపడని ఒక మహిళను పరిశోధకులు చాలా ఏళ్ళు పరిశీలించారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిపిన గాలిని పీల్చినప్పుడు ఆమె కూడా తీవ్రమైన భయానికి లోనైంది. ఊపిరాడని స్థితి పుట్టించే భయానికి అమిగ్డలా కాక వేరే దారులు కూడా ఉన్నాయన్నమాట.

ప్రమాద సూచన అందగానే, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం ద్వారా, ఒంటిని అత్యవసర పనికి సిద్ధం చేసే సహానుభూత నాడీ వ్యవస్థ మేల్కొంటుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం నుంచి అడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. కాలేయం నిల్వ ఉంచిన గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. చర్మానికీ జీర్ణకోశానికీ వెళ్ళే రక్తం తగ్గి పెద్ద కండరాలకు మళ్ళుతుంది. చేతులు చల్లబడడానికి, ముఖం పాలిపోవడానికి, కడుపులో తిప్పినట్టు ఉండడానికి ఈ మళ్ళింపు ఒక ముఖ్య కారణం. లాలాజలం పలచగా ఊరేలా చేసే నాడుల పని తగ్గుతుంది కనుక నోట తడి ఆరుతుంది. వెంట్రుకల మొదళ్ళలోని చిన్న కండరాలు బిగుసుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఒళ్ళంతా బొచ్చు ఉన్న జంతువులకు ఇది పనికొచ్చే ఏర్పాటు, మనకు మాత్రం పాత గుర్తుగా మిగిలింది.

ఈ మార్పులన్నిటినీ ‘పోరాటమో పలాయనమో’ అనే ఒకే సన్నాహంగా గుర్తించినవాడు హార్వర్డ్ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన వాల్టర్ కానన్. నొప్పి, ఆకలి, భయం, క్రోధం ఒంట్లో తెచ్చే మార్పులపై ఆయన గ్రంథం 1915లో వెలువడింది. అదే కళాశాలలో కొన్నేళ్ళ తర్వాత, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని వెలికితీశారు. భయపడి ఉన్నచోటి నుంచి గెంతినప్పుడు ఆ మొదటి కొద్ది క్షణాల్లో కండరాలు ఖర్చుచేసే శక్తి ఈ రెండు పదార్థాల నుంచి వచ్చేదే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. రెండు మూడు నిమిషాల్లో దాని మోతాదు సగానికి పడిపోతుంది. కాని వెనుకనే మరో అల వస్తుంది. హైపోథాలమస్, పిట్యూటరీ గ్రంథి, అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొర ఒకదానికొకటి కబురు పంపుకోగా విడుదలయ్యే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, సంఘటన మొదలైన సుమారు 20 నుంచి 30 నిమిషాలకు పతాక స్థాయికి చేరి, దిగడానికి గంటో అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. కాబట్టి మన ఉదాహరణలోని ఉద్యోగి తొమ్మిదిన్నరకు సందేశం చదివి, పదింటికల్లా ‘ఇంకా ఎందుకు తగ్గలేదు?’ అని కంగారుపడితే, తగ్గవలసిన సమయం రాకముందే కంగారుపడుతున్నాడన్నమాట. పైగా ఆ సందేశాన్ని మళ్ళీ మళ్ళీ తెరిచి చదివితే ప్రతిసారీ మొదటి అల కొత్తగా లేస్తుంది.

మొదటి అడుగు: ఒంటి గుర్తులను చదవడం

దాదాపు రెండు వేల ఏళ్ళ నాటిదిగా పండితులు భావించే భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది స్థాయిభావాలతో (నిలిచి ఉండే భావాలు), ముప్పైమూడు వ్యభిచారిభావాలతో (వచ్చిపోయే భావాలు) పాటు ఒంటి మీద కనిపించే ఎనిమిది సాత్త్విక భావాలను చెబుతుంది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. కూచిపూడి నేర్చుకున్నవారికి ఈ జాబితా కంఠస్థమై ఉంటుంది. చేయి తిప్పినంత సులువుగా వీటిని తెచ్చిపెట్టుకోలేమని, మనసు ఏకాగ్రమైతేనే పుడతాయని నాట్యాచార్యులు చెబుతారు. నేటి వైద్య పరిభాషలో చెప్పుకుంటే వీటిలో ఎక్కువ భాగం స్వయంచోదిత నాడీ వ్యవస్థ పనులే. ఆ నాడీ వ్యవస్థ మన ఆజ్ఞ కోసం ఎదురుచూడదు.

మీరు చేయవలసింది ఏమిటంటే, ఈ జాబితాలో మీ ఒంటికి మొదట వచ్చే గుర్తు ఏదో కనిపెట్టడం. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి గొంతు పలచబడుతుంది, కొందరికి పొట్ట పై భాగంలో ముడి పడినట్టు ఉంటుంది. రోజుకు మూడు పూటలా, ఏ ఉద్వేగమూ లేని వేళల్లో కూడా, ఒక్క నిమిషం ఆగి నుదురు, దవడ, గొంతు, ఛాతీ, పొట్ట, అరచేతులు అనే క్రమంలో గమనించి ఒక చిన్న నోటుపుస్తకంలో రాయండి. ‘దవడ బిగువు, అరచేతులు చల్లన’ అని రెండు మాటలు చాలు. రెండు వారాలు చేస్తే మీ తొలి గుర్తు దాదాపుగా తెలిసిపోతుంది. దాన్ని గుర్తుపట్టిన మనిషికి, నోటి నుంచి మాట జారే లోపల కొన్ని క్షణాల వ్యవధి చిక్కుతుంది, ఈ పద్ధతి మొత్తం ఆ కొద్దిపాటి వ్యవధి మీదనే నడుస్తుంది.

2014లో ఫిన్లాండ్ పరిశోధకులు 701 మందికి మనిషి బొమ్మలిచ్చి, ఒక్కో భావంలో ఒంట్లో ఎక్కడ చురుకు పెరిగినట్టు, ఎక్కడ తగ్గినట్టు అనిపిస్తుందో రంగులు వేయించారు. కోపం ఛాతీ, తల, చేతుల్లో రగిలినట్టు వచ్చింది, దుఃఖంలో కాళ్ళూ చేతులూ ఉడిగినట్టు వచ్చింది. ఫిన్లాండ్, స్వీడన్, తైవాన్ మనుషుల బొమ్మలు చాలావరకు ఒకేలా ఉన్నాయి. అవి మనుషులు తమకు అనిపించినదాన్ని గీసిన బొమ్మలే తప్ప పరికరాలతో కొలిచినవి కావు. అయినా ‘ఒళ్ళు మండింది’, ‘కాళ్ళలో సత్తువ పోయింది’ అనే మన మాటలకు అవి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించదగినదే.

రెండవ అడుగు: ఇది భావమేనా, ఒంటి అవసరమా?

గుండె దడకు భయం ఒక్కటే కారణం కాదు. ఖాళీ కడుపున మూడవ కప్పు కాఫీ తాగినా దడ వస్తుంది, కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రక్తహీనత, థైరాయిడ్ అతిగా పనిచేయడం, రక్తంలో చక్కెర పడిపోవడం కూడా ఆందోళనలాగే కనిపిస్తాయి. నిద్ర సంగతి మరీ ముఖ్యం. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక రాత్రంతా మేలుకున్నవారికి కలవరపెట్టే చిత్రాలు చూపినప్పుడు వారి అమిగ్డలా స్పందన, నిద్రపోయినవారికన్నా సుమారు 60 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి ‘నాకెందుకింత కోపం వస్తోంది?’ అని ప్రశ్నించుకునే ముందు, నిన్న ఎన్ని గంటలు నిద్రపోయానో, చివరిసారి ఎప్పుడు తిన్నానో చూసుకోవడం బుద్ధిమంతుల లక్షణం.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక చేయాలి. ఛాతీలో బరువుగా నొప్పి రావడం, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమట, ఊపిరి అందకపోవడం ఉంటే, ‘ఇది భయమేమో, శ్వాస తీసుకుని చూద్దాం’ అని కూర్చోకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి. భయం అని తేల్చవలసింది ఈసీజీ చూసిన వైద్యులు, మనం కాదు. కొన్నేళ్ళ కిందట ఒక అర్ధరాత్రి నన్ను కూడా ఇలాగే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఈసీజీ బాగానే ఉంది. ‘మీకేమీ లేదు, ఊరికే టెన్షన్ పడ్డారు’ అని పంపించేశారు. గుండెకు ఏమీ లేదన్న మాట నిజం, దానికి కృతజ్ఞుణ్ణి. కాని ‘ఏమీ లేదు’ అన్న మాట మాత్రం నన్ను చాలాకాలం బాధపెట్టింది, ఎందుకంటే ఆ రాత్రి నా ఒంట్లో చాలా జరిగింది. తీవ్రమైన భయపు అల సాధారణంగా పది నిమిషాల లోపలే పతాక స్థాయికి చేరి ఆ తర్వాత దిగుతుందని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, తర్వాత వచ్చిన రెండు మూడు అలలను అంత బెదిరిపోకుండా దాటేవాణ్ణి.

ఆ మాటకొస్తే గుండె పగలడం కూడా వట్టి మాట కాదు. ఆత్మీయుల మరణం వంటి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, గుండె ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని నెట్టే గది) కొన భాగం తాత్కాలికంగా బలహీనపడి ఉబ్బినట్టు అయ్యే స్థితిని 1990లో జపాన్ వైద్యులు వర్ణించారు. అక్కడ ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో గుండె కనిపించడం వల్ల దాన్ని టాకోత్సుబో అన్నారు. ముట్లుడిగిన స్త్రీలలో ఇది ఎక్కువ. చాలామంది వారాల్లో కోలుకుంటారు, అయినా ఆసుపత్రిలో చూపించుకోవలసిన జబ్బే.

మూడవ అడుగు: ఒంటి ఉద్రేకాన్ని దించడం

గుండెకు తనదైన లయ ఉంది. ఏ నాడీ అదుపూ లేకుండా వదిలేస్తే అది నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. కొత్తగా గుండె మార్పిడి చేయించుకున్నవారిలో నాడులు తెగి ఉంటాయి కనుక విశ్రాంతిలో కూడా వేగం దాదాపు అంతే ఉంటుంది. మనకు 70 దగ్గర ఉంటోందంటే, మెదడు అడుగు నుంచి దిగివచ్చే పదవ కపాల నాడి, అంటే వేగస్ నాడి, నిరంతరం పగ్గం పట్టి ఉంచుతోందన్నమాట. ఆ పగ్గం ఏమిటో 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఒక కప్ప గుండెకు వెళ్ళే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించాడు. రెండవ గుండె కూడా నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనమని తర్వాత తేలింది, 1936లో ఆయనకూ హెన్రీ డేల్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది మనకెందుకంటే, శ్వాస లోపలికి తీసుకుంటున్నప్పుడు వేగస్ పగ్గం కాస్త సడలుతుంది, గుండె వేగం పెరుగుతుంది. శ్వాస వదులుతున్నప్పుడు పగ్గం బిగుస్తుంది, వేగం తగ్గుతుంది. కాబట్టి నిదానంగా, ఎక్కువసేపు వదిలే శ్వాస గుండెను చేరడానికి మన చేతిలో ఉన్న దగ్గరి దారి. కంగారులో ఉన్నవారికి ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని చెప్పడం మనకు అలవాటు, కాని చెప్పవలసింది ‘నెమ్మదిగా ఊపిరి వదులు’ అని. గబగబా పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అది చూసి భయం ఇంకా పెరుగుతుంది.

చేసే విధానం ఇది. వీపు ఆనించి కూర్చోండి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేవరకు మామూలుగా గాలి తీసుకోండి, బలవంతంగా నింపకండి. పొట్ట మీది చేయి కదలాలి, భుజాలు లేవకూడదు. తర్వాత పెదవులు కొద్దిగా తెరిచి, వేడి పాలను ఊదుతున్నంత మెల్లగా ఆరు లెక్కపెట్టేవరకు వదలండి. సెకనుకో అంకె చొప్పున లెక్కపెడితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చేయండి. మొదటి నిమిషంలో ఏమీ మారనట్టే ఉంటుంది, అక్కడ ఆపేయకండి. ఊపిరి బిగపట్టడం ఈ దశలో అవసరం లేదు. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు లెక్కను తమకు వీలైనంతకు తగ్గించుకోవచ్చు. రోజూ ప్రశాంతంగా ఉన్న వేళ సాధన చేసినవారికే ఇది గడ్డు వేళ అక్కరకొస్తుంది, పరీక్ష నాడు కొత్త పాఠం మొదలుపెట్టినట్టు చేస్తే కుదరదు.

శ్వాస కుదరనంత ఉద్రేకం ఉంటే ముఖాన చన్నీళ్ళు కొట్టుకోండి. కళ్ళ చుట్టూ, నుదుటి మీద చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గే సహజ ప్రతిచర్య ఒకటి మనలో ఉంది. అయితే గుండె లయలో లోపం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా మంచునీళ్ళతో ప్రయోగాలు చేయకూడదు. కోపానికి నడక మంచిది, కండరాలకు మళ్ళిన రక్తానికీ చక్కెరకూ ఒక పని దొరుకుతుంది. కాని ఆ నడకలో ఎదుటివారిని మనసులో తిట్టుకుంటూ నడిస్తే లాభం లేదు. కోపాన్ని దిండు మీదో సంచి మీదో గుద్ది తీర్చుకోవాలనే సలహాను మాత్రం మానుకోండి. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన వ్యక్తిని తలుచుకుంటూ సంచిని గుద్దినవారు, ఊరికే కూర్చున్నవారికన్నా ఎక్కువ కోపంతోనూ ఎక్కువ దూకుడుతోనూ మిగిలారు.

నాలుగవ అడుగు: సరైన పేరు పెట్టడం

ఒంటి ఉద్రేకం కాస్త దిగిన తర్వాతే ఈ అడుగు. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం, కోపంగానో భయంగానో ఉన్న ముఖాల చిత్రాలను చూస్తూ ఆ భావానికి పేరు చెప్పినవారిలో అమిగ్డలా చురుకు తగ్గిందని, నుదుటి వెనుక మెదడు భాగంలో కుడివైపున చురుకు పెరిగిందని స్కాన్లలో చూపించింది. పేరు పెట్టడమంటే భావాన్ని దూరం నుంచి చూడడం మొదలుపెట్టడమే.

ఈ విషయంలో తెలుగు మనకిచ్చిన సంపదను మనం వాడుకోవడం లేదు. పొద్దున లేచింది మొదలు అన్నిటికీ ‘టెన్షన్’ అంటాం, లేకపోతే ‘మూడ్ బాలేదు’ అంటాం. కోపంలోనే ఎన్ని ఉన్నాయో చూడండి. చిరాకు చిన్నచిన్న ఆటంకాలు పేరుకుంటే వచ్చేది. విసుగు ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయవలసివస్తే వచ్చేది. రోషం పరువుకు దెబ్బ తగిలినప్పుడు లేచేది. ఉక్రోషం ఎదిరించే శక్తి లేక కళ్ళనీళ్ళతో కలిసి వచ్చేది. అలక మనవారి మీదే, బతిమాలుతారన్న ఆశ ఉన్నచోటే వచ్చేది. అక్కసు వేరొకరి మేలును ఓర్వలేక పుట్టేది. భయంలోనూ అంతే: కొత్తవారి ముందు బెరుకు, పెద్దవారి ముందు జంకు, ఏం జరగబోతోందో తెలియక గుబులు, దూరమైనవారి కోసం బెంగ, కమ్ముకుని వదలని దిగులు. మరొకరి వాడుకలో ఈ మాటల అర్థం కొద్దిగా మారవచ్చు, కాని ఏ పేరు పెడితే దానికి తగిన మందు వేరు. విసుగుకు విశ్రాంతి కావాలి, రోషానికి గౌరవం కావాలి, అలకకు పలకరింపు చాలు.

‘నేను కోపిష్టిని’ అనకండి, ‘నాకిప్పుడు ఉక్రోషంగా ఉంది’ అని రాయండి. మొదటిది స్వభావానికి వేసే ముద్ర, రెండవది ఈ గంటకు చెందిన సమాచారం. మన ఉద్యోగి తన పుస్తకంలో రాసుకోవలసింది ‘గుబులు: సందేశంలో కారణం లేదు’ అని. ఆ పేరు పెట్టగానే తండ్రి మీద చూపినది అసలు కోపమే కాదని అతనికి కనిపిస్తుంది. ఒకచోట పుట్టిన ఉద్రేకం దిగకముందే మరోచోటికి వెళితే అక్కడి చిన్న చికాకు పెద్ద కోపంగా మారుతుందని 1970లలో డాల్ఫ్ జిల్‌మన్ ప్రయోగాలతో చూపించాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం గురించి మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న సామెత ఈ సంగతినే గుర్తుచేస్తుంది.

ఐదవ అడుగు: ఆ భావం చెబుతున్న కథను పరీక్షించడం

1884లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఒక విచిత్రమైన వాదం చేశాడు: దుఃఖం వచ్చి ఏడవడం కాదు, ఏడవడాన్ని గ్రహించడమే దుఃఖం. కానన్ దీనిని 1927లో గట్టిగా ఖండించాడు, ఒంటి మార్పులు భయంలోనూ కోపంలోనూ జ్వరంలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కదా, వాటితో భావాలను వేరుచేయడం ఎలా అని. 1962లో షాక్టర్, సింగర్ అనే ఇద్దరు ఈ రెంటినీ కలిపే సిద్ధాంతం చెప్పారు: ఒళ్ళు ఉద్రేకాన్ని ఇస్తుంది, అది ఎందుకొచ్చిందన్న వివరణను మనసు పరిసరాల నుంచి వెతుక్కుంటుంది. వారి ప్రయోగ ఫలితాలన్నీ తర్వాతివారికి రాలేదు కాని, మనసు తప్పు వివరణ తగిలించగలదన్న అంశం మాత్రం నిలిచింది. 1974లో కెనడాలోని కపిలానో లోయ మీద ఊగే వంతెన దాటిన యువకులు, అక్కడ తమను పలకరించిన యువతికి తర్వాత ఫోను చేయడం, గట్టి వంతెన దాటినవారికన్నా ఎక్కువగా జరిగింది. ఎత్తుకు పుట్టిన దడను ఆకర్షణగా లెక్కగట్టి ఉంటారని పరిశోధకుల వివరణ.

కాబట్టి కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. నాకు కచ్చితంగా తెలిసినది ఏమిటి? నేను చేర్చుకున్నది ఏమిటి? ఇదే సంగతి నా స్నేహితుడికి జరిగితే ఏం చెబుతాను? మన ఉద్యోగికి కచ్చితంగా తెలిసినది పది గంటలకు కలవాలన్నది మాత్రమే. ఉద్యోగం తీసేస్తారన్నది అతను చేర్చుకున్నది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని ‘అంతా మంచే జరుగుతుంది’ అనే మరో ఊహతో కప్పమని నేను చెప్పను. ఊహను ఊహగా గుర్తిస్తే చాలు, తర్వాత చేయగలిగిన పని కనిపిస్తుంది: గత మూడు నెలల పని వివరాలు ఒక పేజీలో రాసుకోవడం, ఫోను పక్కన పెట్టడం, అన్నం తినడం.

ఇలా అర్థాన్ని మార్చి చూడడానికీ, భావాన్ని ముఖంలో కనపడకుండా అణచిపెట్టడానికీ చాలా తేడా ఉంది. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1990లలో చేసిన ప్రయోగాల్లో, భావాన్ని అణచుకున్నవారి ముఖంలో అది తక్కువగా కనిపించింది కాని లోపల సహానుభూత నాడీ వ్యవస్థ చురుకు పెరిగింది. ‘మగవాడివి, ఏడవకు’, ‘ఆడపిల్లవి, గొంతు పెంచకు’ అంటూ పిల్లలకు మనం నేర్పుతున్నది ఈ అణచివేతనే. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వేదిక ఎక్కే ముందో ఇంటర్వ్యూకు ముందో అయితే పూర్తిగా శాంతపడాలని పట్టుబట్టనక్కర్లేదు. 2014లో వెలువడిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ పరిశోధనలో, పాడే ముందూ మాట్లాడే ముందూ ‘నేను శాంతంగా ఉన్నాను’ అనుకున్నవారికన్నా ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అనుకున్నవారు మెరుగ్గా చేశారు. దడ రెంటిలోనూ ఒకటే కనుక పేరు మార్చడం సులువు.

ఆరవ అడుగు: మాట

కసురుకున్న వెంటనే క్షమాపణ చెప్పబోతే గొంతులో ఆ కసురు ఇంకా ఉంటుంది. అరగంట ఆగండి, కాని తెల్లవారేదాకా ఆగకండి. మాటలో మూడు సంగతులు ఉండాలి: జరిగినది, నా భావం, నేను కోరేది. ‘నాన్నా, ఇందాక మీ మీద అనవసరంగా విసుక్కున్నాను. ఆఫీసు నుంచి ఒక మెసేజ్ వచ్చింది, రేపేమంటారోనని గుబులుగా ఉంది. కాసేపు నా పక్కన కూర్చోండి.’ ఇంతకుమించి అక్కర్లేదు. ‘మీరు పిలిచారు కాబట్టే’ అన్న మాట అందులో చేరితే అది క్షమాపణ కాకుండా పోతుంది. వినే పెద్దలకు కూడా ఒక మనవి: ఆ క్షణంలో ‘దీనికే ఇంత భయమా, మా కాలంలో’ అని మొదలుపెట్టకండి. పక్కన కూర్చుని అన్నం వడ్డించండి, భుజం మీద చేయి వేయండి. తనవారి స్పర్శ ఒంటి ఉద్రేకాన్ని దించుతుంది, ఆ పని ఉపదేశం వల్ల కాదు.

ఏడవ అడుగు: తప్పించుకునే అలవాటును నెమ్మదిగా విడవడం

భయపెట్టేదాన్ని తప్పించుకుంటే వెంటనే హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే భయం నిలబడుతుంది. మేనేజరు ఫోను ఎత్తకపోవడం, సభకు వెళ్ళకపోవడం, లిఫ్టు ఎక్కకపోవడం ఒక్కొక్కటీ ‘తప్పించుకున్నందుకే బతికాను’ అనే పాఠాన్ని మెదడుకు నేర్పుతాయి. దీనికి విరుగుడు చిన్న మెట్లు. పదిమందిలో మాట్లాడడానికి భయపడేవారు మొదట ఇంట్లో ఇద్దరి ముందు రెండు నిమిషాలు, తర్వాత స్నేహితుల ముందు ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఆఫీసు సమావేశంలో ఒక ప్రశ్న అడగడం. ప్రతి మెట్టు మీదా దడ తనంతట తాను దిగేవరకు అక్కడే ఉండాలి, దడ పతాక స్థాయిలో ఉన్నప్పుడు పారిపోతే మెట్టు వృథా. ఒకే మెట్టును మూడు నాలుగుసార్లు ఎక్కిన తర్వాతే పైమెట్టుకు వెళ్ళండి.

వైద్యసహాయం ఎప్పుడు?

దిగులో ఆందోళనో రెండు వారాలకు మించి చాలావరకు ప్రతిరోజూ ఉంటూ, నిద్ర, తిండి, పని చెడిపోతుంటే, కోపంలో మనుషుల మీద చేయి చేసుకుంటుంటే, మద్యం లేకుండా నిద్ర పట్టకపోతుంటే, ఈ అడుగులతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు, అదే గంటలో ఎవరితోనైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

వైద్యుని దగ్గర ‘టెన్షన్ అండీ’ అనే ఒక్క మాటతో ముగించకండి. ఎన్ని గంటలకు మొదలైంది, ఒంట్లో మొదట ఎక్కడ తెలిసింది, ఎంతసేపు ఉంది, అంతకుముందు ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, దానికి మీరు పెట్టుకున్న పేరేమిటి అన్నవి చెప్పండి. మొదటి అడుగు నుంచి రాస్తూ వచ్చిన నోటుపుస్తకం వెంట తీసుకువెళ్ళండి.